కాబ్రీతో చెప్పిన మాటలు

హోలీ మంట ఆరిన వారం లోపే మా పల్లెలోని మందలన్నీ మేత కోసం మాళవ దారి పట్టాయి. ఒంటెల మీద మంచాలు, నీళ్ళ తిత్తులు, నడవలేని గొర్రెపిల్లలు కట్టుకుని మగవాళ్ళంతా దుమ్ములో కలిసిపోయారు. ముళ్ళకంచె దొడ్లన్నీ ఖాళీ అయ్యాయి, మా దొడ్డి తప్ప.

మా మామ జోగారాం ఆ దుమ్ము అణిగేదాకా కంచె దగ్గరే నిలబడి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి మచ్చల గొర్రెతో అన్నాడు.

"కాబ్రీ, ఈ ఏడు మన మంద ఎటూ పోదు. కోడలికి చెప్పు."

కోడలిని నేనే. చేతికందే దూరంలో, ముసుగు గడ్డం దాకా లాక్కుని నిలబడి ఉన్నాను.

మాలో కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు. మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి. మా అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. ఇంట్లో ఉన్న మరో ఆడమనిషి మామకు అక్క, హంజా పెద్దత్త. ఆవిడకు బొత్తిగా చెవుడు. రొట్టెలో ఉప్పు సరిపోయిందా అని మామను అడిగించాలంటే పల్లె మొత్తానికీ మా ఇంటి ఉప్పు సంగతి తెలిసేలా అరవాలి. అందుకని మా ఆయన ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మధ్య మాటలు మోసే పని ఆయనదే. అంతకుముందు ఏడు మాళవ దారిలో, రోడ్డు మీదికి పోయిన గొర్రెల్ని మళ్ళించబోయి లారీ కింద పడ్డాడు. మంద తిరిగొచ్చింది. ఆయన తలపాగా వచ్చింది. ఆయన రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేనూ మామా ఒకే ఇంట్లో మూగవాళ్ళలా బతికాం. ఒకరోజు పాలు పొంగిపోతుంటే ఉండబట్టలేక వాకిట్లో ఉన్న గొర్రెతో, "కాబ్రీ, మీ పెద్దాయన్ని ఆ కుండ దించమను" అన్నాను. మామ దించాడు. దించి, "కాబ్రీ, చెయ్యి కాల్చుకోలేదు కదా అని అడుగు" అన్నాడు. అట్లా మొదలైంది.

కాబ్రీ మందకు ముందు నడిచే గొర్రె. తల్లి చచ్చిపోతే మా ఆయన చేత్తో పాలు పట్టి పెంచాడు. మనుషుల మధ్య తిరిగి పెరిగింది కాబట్టి ఎవరు మాట్లాడినా మొహంలోకి చూసేది. మా మామకు నా మొహం తెలియదు. ఆయన కూడా నా వైపు చూసేవాడు కాదు. మా ఇద్దరినీ చూసింది అదొక్కటే.

వైశాఖంలో మా అన్న భేరా వచ్చాడు. బెల్లం, టీపొడి తెచ్చాడు. మంచి మాటలు కూడా తెచ్చాడు. కాలవ కింద పొలం ఉన్న మనిషి ఒకడున్నాడట. భార్య పోయిందట. నన్ను నాత్రా కింద, మారుమనువు చేసుకుని, ఇల్లాలిగా తీసుకుపోతానన్నాడట. మాలో విధవలకు అది తప్పు కాదు, చాలామంది పోతారు కూడా.

"ఒక ముసలాయన, ఒక చెవిటి ముసలమ్మ, నువ్వు. ఏముందే పేమీ నీకిక్కడ?" అన్నాడు అన్న.

"మంద ఉంది."

"అది మీ మామది."

"పొద్దున లేచి దాన్ని మేపేదాన్ని నేను. ఎవరిదంటావు మరి?"

"నీ నోటికి భయపడి, ఆ కాలవ మనిషికి నీ గురించి సగమే చెప్పాను" అని నవ్వాడు అన్న. నాకు నవ్వు రాలేదు. పోవాలని లేదు నాకు. ఆయన పెంచిన గొర్రెలు, ఆయన నడిచిన దిబ్బలు వదిలి కాలవ నీళ్ళు తాగడానికి పోవాలా అనిపించింది.

తడిక అవతల కూర్చున్న మామ గొంతు సవరించుకున్నాడు. "కాబ్రీ, అబ్బాయికి చెప్పు..."

"నాతో నేరుగానే మాట్లాడొచ్చు మామా. నేనేం నీ కోడల్ని కాదు!"

"అలవాటైపోయింది నాయనా" అన్నాడు మామ సిగ్గుపడుతూ. "వాన పడేదాకా ఓపిక పట్టు భేరా. ఈ కరువు దాటి మంద నిలబడితే పిల్ల ఇక్కడే ఉంటుంది. మంద దానిదే. నిలబడకపోతే నువ్వే తీసుకుపో. నేను అడ్డం రాను."

"నీ నోటిమాట చాలదు మామా. వానలకు మాళవ నుంచి నీ అన్న కొడుకులు వస్తారు. కొడుకు లేని ఇంటి మంద మాది అంటారు. అప్పుడు దీని గతేంటి? పదిమంది ముందు జరగాలి ఏదైనా."

అన్న మాటలో తప్పేమీ లేదు, అందుకే కోపం వచ్చింది నాకు.

ఆ వేసవంతా మా ఇద్దరి పనీ ఒక్కటే, గొర్రెల్ని వాన దాకా తీసుకుపోవడం. వేగుచుక్క ఉండగానే మందను వదిలేవాళ్ళం. ఇసుక కాలక ముందే అవి ఎండిన గడ్డి మొదళ్ళు కొరుక్కుని తినాలి. ఎండ ముదిరాక ఒకదాని పొట్ట కింద మరొకటి తల దూర్చుకుని, అన్నీ ఒకే ముద్దగా నిలబడిపోయేవి. అప్పుడు మామ జమ్మి చెట్టెక్కి కొమ్మలు కొట్టేవాడు. ఆ వయసులో, ఆ ముళ్ళలో. కింద నేను ఆకు దులిపి పోగు చేసేదాన్ని. పచ్చాకు పిల్లతల్లులకు, ఎండాకూ రేగాకూ మిగతావాటికి. సాయంత్రం గోరుచిక్కుడు పొట్టు గుప్పెడు గుప్పెడు. చేదుపుచ్చ గింజలు దంచి కలిపితే మొదట మూతులు తిప్పుకున్నాయి, తర్వాత దారికొచ్చాయి.

బావికి రోజు విడిచి రోజు తోలేవాళ్ళం. దాహంతో ఉన్న గొర్రెను తొట్టి మీదికి వదిలేస్తే తాగి తాగి అక్కడే పడిపోతుంది. కొంచెం తాగనిచ్చి వెనక్కి లాగాలి, ఊపిరి తీసుకున్నాక మళ్ళీ వదలాలి. నా చేతులు పడిపోయేవి. అవి నన్ను తిట్టుకునేవి, నేను వాటిని తిట్టేదాన్ని.

పొట్టేళ్ళ పొట్ట కింద మామ గోనెపట్టాలు కట్టాడు. కరువులో చూలు నిలిస్తే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు. అది చూసి బావి దగ్గర మా పక్కింటి తుల్ఛీ పగలబడి నవ్వింది.

"మీ మామ వీటికి కూడా ముసుగులేశాడే! మనకు పైన, పాపం వీటికి కింద!"

మామకు వినపడిందనుకుంటాను. ఆ రోజంతా ముందు ముందే నడిచాడు.

"కాబ్రీ, తూర్పు దిబ్బ అవతల రేగు కంపకు ఇంకా ఆకుంది" అనేదాన్ని.

"కాబ్రీ, అక్కడ పాములుంటాయి. కర్ర తీసుకుపొమ్మను."

"కాబ్రీ, ఉన్న ఒక్క కర్రా ఆయన చేతిలోనే ఉంది."

కర్ర వచ్చి నా కాళ్ళ దగ్గర పడేది. ఆయన నవ్వు మాత్రం వినపడేది కాదు, భుజాలు కదిలేవి.

ఒక మధ్యాహ్నం జమ్మి నీడలో కూర్చుని ఉన్నట్టుండి మా ఆయన పేరెత్తాడు. "కాబ్రీ, దేవా చిన్నప్పుడు ఈ చెట్టు మీంచే పడ్డాడు. ఏడవలేదు. గొర్రెలు బెదురుతాయని నోరు మూసుకున్నాడు." ముసుగులో ఏడ్చుకున్నాను. ముసుగుతో ఆ సుఖం ఉంది.

జ్యేష్ఠంలో గొర్రెలు పడిపోవడం మొదలైంది. పొద్దున్నే లేవలేనివాటిని తోక మొదట్లో పట్టి లేపి నిలబెట్టాలి. ఒకసారి నిలబడితే ఆ పూటకు బతికినట్టే. వాటికి సజ్జ గంజిలో బెల్లం కలిపి పట్టేదాన్ని. మా ముగ్గురికీ గంజి పలచబడింది. హంజా పెద్దత్త ఏమీ వినపడకపోయినా అన్నీ చూసేది. తన గిన్నె తీసి గొర్రె ముందు పెట్టి, "నాకు పళ్ళు లేవు, దానికున్నాయి" అనేది గట్టిగా. కొన్ని పోయాయి. చాలా వరకు నిలబడ్డాయి. మాళవ పోయినవాళ్ళు కూడా అన్ని మిగుల్చుకుని ఉండరని తుల్ఛీ అంది. నాకు గర్వంగా ఉండేది. ఆ వేసవి నేను బాధలో ఉన్నానో సంతోషంగా ఉన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆషాఢం వచ్చింది. ఏటా వానకు ముందు ఉన్ని తీయడం మా రివాజు. వాన పడ్డాక మొలిచే ముళ్ళగింజల గడ్డి ఉన్నికి పట్టుకుంటే దాన్ని ఎవరూ ముట్టరు. ఆ ఏడు గొర్రెల ఒంటి మీద ఉన్ని ఉంది గాని, ఉన్ని కింద గొర్రె లేదు. మామ కత్తెర నూరుతుంటే నాకు భయం వేసింది.

"కాబ్రీ, నీ పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి. వాన పడి నాలుగు రోజులు గడ్డి తిన్నాక తీస్తే ఏం పోయింది?"

కత్తెర ఆగింది. "కాబ్రీ, వానతోపాటే నా అన్న కొడుకులూ వస్తారు. వాళ్ళు రాకముందే పదిమంది ముందు గుర్తు పడాలి. ఉన్ని తీయకుండా గుర్తు ఎక్కడ వేస్తాం?"

అప్పుడు అర్థమైంది నాకు. మాలో ఉన్ని తీసిన రోజే, చుట్టుపక్కల పెద్దలు చూస్తుండగా, బోడి వీపు మీద ఎర్ర జేగురుతో అరచేయి గుర్తు వేస్తారు. ఎవరి చేయి పడితే మంద వాళ్ళది. ఆ తర్వాత ఏ పంచాయతీలోనూ దాని మీద మాట ఉండదు. వైశాఖంలో మా అన్న అన్న మాట మామ మర్చిపోలేదు.

పల్లెలో మిగిలిన ముసలివాళ్ళంతా కత్తెరలు పట్టుకుని వచ్చారు. గోధుమరవ్వ, బెల్లం, నెయ్యి వేసి లాప్సీ వండాను. ఉన్న నెయ్యంతా వేసేశాను. ఒక్కో గొర్రె కత్తెర కింది నుంచి లేచి, తనెవరో తనకే తెలియనట్టు దిక్కులు చూసేది. ముసలివాళ్ళు వాటిని చూసి నవ్వారు. కాబ్రీ వీపు మీద మాత్రం ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు మామ. దాని ఉన్ని తానే తీశాడు.

తీశాక జేగురు గిన్నె తెచ్చి తన ముందు కాకుండా నా ముందు పెట్టాడు.

ఒక ముసలాయన అన్నాడు. "జోగా, ఏంటిది? విధవ చెయ్యి ఎరుపులో ముంచిస్తావా?"

"నా కొడుకుంటే వాడి చెయ్యి వేసేవాడు. ఇప్పుడు వాడి చెయ్యి ఇదే" అన్నాడు మామ. తర్వాత, "కాబ్రీ, భయపడొద్దను. ముంచమను."

ముంచాను. పెళ్ళి నాటి తర్వాత నా అరచేయి ఎర్రబడటం అదే. మొదటి గుర్తు కాబ్రీ మీద వేశాను. దాని చర్మం వెచ్చగా ఉంది. కింద గుండె కొట్టుకోవడం చేతికి తెలిసింది. పొద్దు వాలేసరికి మా మంద మొత్తం నా చేతులు మోసుకుని తిరుగుతోంది. హంజా పెద్దత్త ఒకటే నవ్వు. "పేమీకి ఎన్ని చేతులే!" అని అరిచింది.

తర్వాత రెండు మూడు రోజులకే మబ్బు పట్టింది.

మధ్యాహ్నం మొదట దుమ్ము లేచింది, వెనకాలే చినుకులు. కరువు తర్వాత వచ్చిన వాన. ఆడవాళ్ళం ముసుగులు తీసేసి తడిశాం. పెద్దత్త ఆకాశం వైపు నాలుక చాపి నిలబడింది. గొర్రెలు కూడా గంతులేశాయి. మామ తలపాగా విప్పి తల తడుపుకుంటూ, "కాబ్రీ, చూశాం! వాన చూశాం అని చెప్పు!" అని అరిచాడు. ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

పొద్దు కుంగే వేళకు గాలి ఉత్తరానికి తిరిగింది. వడగళ్ళు పడ్డాయి. ఆ తర్వాత వాన ఆగలేదు, గాలీ ఆగలేదు. మా దొడ్డికి ముళ్ళకంచే గాని కప్పు లేదు. మా ఎడారిలో దొడ్డికి కప్పు వేసుకోవాలని ఎవరికి తోస్తుంది? గుడిసెలోకి పట్టినన్నిటిని లాక్కొచ్చాం. గోనెలు, బొంతలు, నేను పెళ్ళినాడు కప్పుకున్న ఓఢ్నీ, ఏది దొరికితే అది కప్పాం. తడిసిన పిడకలు అంటుకోలేదు. బయట ఉన్నవి గాలికి వీపు పెట్టి ఒక మూలకు ఒత్తుకుపోయాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కింద పడ్డవాటిని లాగుతుంటే మీదవి మళ్ళీ పడేవి. మామ వాటి మధ్య దూరి, ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తూ లాగుతూనే ఉన్నాడు.

తెల్లారేసరికి నేను గుడిసెలో కాబ్రీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దాని మీద మా ఆయన కంబళి కప్పాను. అంతసేపూ దవడలు కొట్టుకునేలా వణికింది. మామ లోపలికి వచ్చిన వేళకు వణుకు ఆగింది.

"కాబ్రీ, నీకు నెమ్మదించిందని చెప్పు" అన్నాను సంతోషంగా. "వణుకు తగ్గిందని చెప్పు."

మామ గుమ్మంలోనే నిలబడిపోయాడు. గొర్రె వైపు చూశాడు. కాబ్రీ మధ్యలో ఉండగా ఆయన జవాబివ్వకపోవడం అదే మొదటిసారి. చలిలో వణుకు ఆగిపోయిన గొర్రె ఇక దక్కదని నాకు తెలియదు, ఆయనకు తెలుసు.

వాన వెలిశాక దొడ్డిలోకి పోయి చూశాను. బోడి ఒళ్ళు, తెల్లగా, వరసగా. జేగురు కారిపోయి నేలంతా ఎర్రనీళ్ళు. కొన్నిటి మీద అరచేయి మొత్తం పోయి వేళ్ళు మాత్రం మిగిలాయి. మిగిలిన ప్రాణాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. మంద అని పిలవడానికి లేదు. నేను గట్టిగా ఏడ్చాను. మామ ముందు నా గొంతు అట్లా బయటపడకూడదని కూడా తోచలేదు.

పదిరోజుల్లో ఎడారి పచ్చబడింది. మేం చెట్టెక్కి, ముళ్ళు గుచ్చుకుని, గుప్పెడు గుప్పెడు కూడబెట్టిన మేత ఇప్పుడు ఎక్కడ చూస్తే అక్కడ మొలిచింది. గుమ్మం ముందు కూడా మొలిచింది. నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. మామ పొద్దున్నే కర్ర తీసుకుని దిబ్బల మీదికి పోయేవాడు, సాయంత్రం వట్టి కర్రతో వచ్చేవాడు. మా మధ్య మాట లేదు. మాట మోసేది లేదు. రొట్టె చేసి పెట్టి పక్కకు జరిగేదాన్ని. ఆయన తిన్నాడో లేదో అడగడానికి దారి లేదు. మిగిలిన గొర్రెలు మొహాలు చూసేవి కావు.

బావి దగ్గర నేను పోగానే ఆడవాళ్ళు మాట మార్చేవాళ్ళు. ఒకరోజు మార్చడం ఆలస్యమైంది. "విధవ చెయ్యి ఎరుపులో పెడితే ఏమవుతుంది మరి" అంది ఎవరో. తుల్ఛీ అక్కడే ఉంది. నన్ను చూసి తల దించుకుంది. ఆ రాత్రి నుంచి పిండి కలిపేటప్పుడు నా అరచేయి వైపు చూసుకునేదాన్ని. రంగు ఎప్పుడో పోయింది. నాకు మాత్రం ఎర్రగానే కనపడేది.

మాళవ మందలకంటే ముందు మా అన్న వచ్చాడు, ఒంటెతో. దొడ్డి చూసి ఒంటె దిగి చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. మంచివాడు మా అన్న.

"మామా, నువ్వన్న మాట ప్రకారం మంద వాన దాకా నిలబడింది. పేమీ ఉంటానంటే నేను లాక్కుపోను" అన్నాడు. తర్వాత నాతో నెమ్మదిగా, "ఉంటావా పేమీ?" అన్నాడు.

ఉంటానని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో మామ, తడిక అవతలి నుంచి, అన్నతో నేరుగా అన్నాడు. "తీసుకుపో భేరా. ఇక్కడేం మేపుతుంది, నన్నా?"

నా మూట చిన్నదే. పెద్దత్తకు చెప్పినప్పుడు ఆవిడకు ఏం వినపడిందో, "తొందరగా రా, చీకటి పడుతుంది" అంది. అన్న ఒంటె దగ్గర ఉన్నాడు. మామ దొడ్డి దగ్గర కూర్చుని ఉన్నాడు, కాబ్రీని కట్టే గుంజ పక్కన. గుంజకు తాడు ఇంకా అట్లాగే ఉంది.

చెప్పకుండా పోలేను, చెప్పలేను. ముసుగు లాక్కుని గుంజ దగ్గరికి పోయి నిలబడ్డాను. నిలబడగా నిలబడగా మాట దానంతట అదే వచ్చింది.

"కాబ్రీ, పోయొస్తానని చెప్పు. పూటకింత తినమను. తుల్ఛీకి చెప్పాను, రొట్టెలు చేసి పెడుతుంది."

మామ గుంజ వైపే చూస్తున్నాడు.

"కాబ్రీ, నా కోడలికి చెప్పు. కత్తెర నాది. కత్తెర వల్లే పోయాయి. దాని చేతిలో ఏ దోషమూ లేదు. కొత్త ఇంట్లో గోడ మీద, కొత్తకోడళ్ళు వేసే ఎర్రచెయ్యి, ధైర్యంగా వేయమను. ఆ చెయ్యి మొదట పడింది నీ మీదే కదా, నువ్వే చెప్పు దానికి."

బావి దగ్గరి మాటలు ఆయన దాకా కూడా వచ్చాయన్నమాట. నేను పిండి కలుపుతూ నా చెయ్యి చూసుకోవడం కూడా చూశాడన్నమాట. నేల మీద కూర్చుని ఆ తాడు పట్టుకున్నాను.

"విన్నానని చెప్పు కాబ్రీ" అన్నాను. "విన్నానని చెప్పు."

ఒంటె దగ్గరికి వచ్చేసరికి అన్న నా మూట అందుకుంటూ అడిగాడు. "ఎవరితోనే అంతసేపు మాట్లాడావు?"

"గొర్రెతో" అన్నాను.

దారి పొడవునా గడ్డి ఒంటె మోకాళ్ళకు తగులుతూనే ఉంది.